మారుమనస్సు: ఒక మాట వెనుక డోర్నకల్ చరిత్ర



ఈ టపా ఒక మాటను గురించినది. ఆ మాటను నాకు నిఘంటువు నేర్పలేదు, ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి నేర్పాడు.

1990వ దశకం మధ్యకాలం. గోదావరిఖనిలో తెలుగు పండితునిగా పనిచేస్తున్నాను. ఒకనాడు సమాసాలు చెబుతూ, 'మారు' అన్నది పూర్వపదంగా చేరినప్పుడు 'వేరైన', 'మరియొక' అన్న అర్థం వస్తుందని వివరించి, నల్లబల్ల మీద మారువేషం, మారుతల్లి, మారుపేరు అని మూడు ఉదాహరణలు వ్రాశాను. మూడవది వ్రాయగానే వెనుక బల్లల నుండి నవ్వులు వినిపించాయి. తిరిగి చూస్తే పిల్లలందరూ ఒక కుర్రవాని వైపే చూస్తున్నారు. వాని తండ్రి భూగర్భ గనిలో కోల్ ఫిల్లరు. బడి రిజిస్టరులో ఆ పిల్లవానికి ఒక పేరు, ఇంట్లోనూ చర్చిలోనూ మరొక పేరు. ఆ సంగతి నాకు తెలియదు, తరగతికంతటికీ తెలుసు. వాడు తల వంచుకోలేదు. లేచి నిలబడి, "సార్, మారుమనస్సు గూడ గిట్లనేనా?" అని అడిగాడు.

నాకు జవాబు తోచలేదు. నేను చదువుకొన్న ప్రబంధాలలో ఆ మాట తారసపడిన జ్ఞాపకం లేదు. "రేపు చెబుతాను" అని తప్పించుకొన్నాను. ఆ రేపు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. పదవీ విరమణ తరువాత తీరిక దొరికి, ఆ మాట వెంట నడిచి, కొంత చదివి, కొందరు పెద్దలను అడిగి తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

తెలుగు బైబిలులో 'మారుమనస్సు' వాకిట్లోనే ఎదురయ్యే మాట. బాప్తిస్మమిచ్చు యోహాను బోధ దానితోనే మొదలవుతుంది, యేసు బోధ కూడా దానితోనే మొదలవుతుంది. గ్రీకు మూలంలోని మాట 'మెటనోయియా'. మనస్సు మారడం, తలపు తిరగడం అని దాని అర్థం. ఇటువంటి చోట మన పండితులు సాధారణంగా 'పశ్చాత్తాపం' అంటారు. పశ్చాత్ అంటే తరువాత, తాపమంటే వేదన. జరిగిపోయిన దానిని తలచి కుమిలిపోయేది పశ్చాత్తాపం. మారుమనస్సు అక్కడ ఆగదు, ఇకమీదట ఎలా నడుస్తావని అడుగుతుంది. తెలుగు బైబిలుకు అచ్చు చరిత్రే రెండు శతాబ్దాలు దాటింది. విశాఖపట్నంలో డెగ్రాంజెస్ దొరవారు, ఆనందరాయరనే తెలుగు పండితుడు కలిసి తెనిగించిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. అప్పటి నుండి ఎన్నో చేతులు దిద్దుతూ వచ్చిన ఆ గ్రంథం పల్లెటూరి నోళ్లలో నాటిన మాటలలో ఇది ముఖ్యమైనది.

మాట సరే, మారవలసినది ఎవరు? మతం పుచ్చుకొన్నవాడు మారాలి, ఇచ్చినవాడు ఉన్నచోటనే ఉంటాడు అని చాలామంది అభిప్రాయం. నాదీ అదే. డోర్నకల్ చరిత్ర చదివిన తరువాత ఆ అభిప్రాయం నిలవలేదు.

డోర్నకల్ మనకు పరాయిది కాదు. రామగుండంలో రైలెక్కితే కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదు దాటి ఆ జంక్షను వస్తుంది. అక్కడి నుండి ఇల్లందుకు ఒక పాయ చీలుతుంది. బొగ్గు కోసం వేసిన పాయ అది. 1871లో ఇల్లందు ప్రాంతంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గును గుర్తించాడు. అక్కడి సింగరేణి అనే పల్లె పేరే 1920లో కంపెనీ పేరయింది. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి తరువాత 1960వ దశకం ఆరంభంలో మా గోదావరిఖని వంతు వచ్చింది. బొగ్గు వెంట మనుషులు కదిలారు, తట్టా చెమ్మస్‌తో పాటు తమ దేవుళ్లను, తమ పాటలను తెచ్చుకొన్నారు. ఆ కుర్రవాని తాతది డోర్నకల్ వైపు పల్లె. అందువల్లనే నా వెదుకులాట అటు తిరిగింది.

డోర్నకల్ అనగానే చెప్పుకోవలసిన పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన తెలుగువాడు కాదు. 1874లో తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విళైలో ఒక పల్లె గురువుగారి కుమారునిగా పుట్టిన తమిళుడు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతా తిరిగాడు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఒక సువార్త సంఘాన్ని స్థాపించుకోవడంలో ముందు నిలిచాడు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని తన పొలంగా ఎంచుకొంది. ఇతరులను పంపి ఊరుకోకుండా 1909లో తానే గురుత్వం స్వీకరించి అక్కడికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకొన్నాడు. ఆ వయసులో కొత్త భాషలో బోధించడం ఎంత కష్టమో పాఠం చెప్పి బ్రదికినవానికి బాగా తెలుస్తుంది.

మరుసటి ఏడు 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య చేసిన ప్రసంగం చరిత్రకెక్కింది. మీరు మాకోసం త్యాగాలు చేశారు, మా మన్ననకు పాత్రులు, కాని మాకు కావలసినది స్నేహితులు అన్నది దాని సారాంశం. ఇచ్చేవాడు మెట్టు మీద, పుచ్చుకొనేవాడు మెట్టు క్రింద ఉన్నంతకాలం స్నేహం కుదరదని దొరల సభలోనే చెప్పాడు. కొందరికి అది కటువుగా తోచింది. మారుమనస్సు పొందండని లోకానికి బోధించే వారికి, మారవలసిన వారిలో తామూ ఉన్నామని ఒక భారతీయుడు వినయంగానే గుర్తుచేశాడు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అజరయ్య డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టకపోతే అది జరిగేది కాదు. భారతీయుని చేతిక్రింద ఇంగ్లీషు మిషనరీలు పనిచేస్తారా అన్న సందేహం ఆనాడు బాహాటంగానే వినిపించింది. అందుకే తొలుత ఆయనకు చిన్న మండలాన్ని అప్పగించారు. ఆ తరువాత కోస్తా తెలుగు ప్రాంతాలు కూడా చేరాయి. సందేహించినవారే ఆయన క్రింద పనిచేశారు.

ఇక పల్లెల సంగతి. డోర్నకల్ మండలంలో క్రైస్తవులైన వారిలో అత్యధికులు మాల మాదిగలు. అజరయ్య వారిని తేలికగా వదలలేదు. సారా మానాలి, పిల్లలను బడికి పంపాలి, తమలో తాము మాల మాదిగ భేదం పాటించకూడదు, పేదవారైనా సరే పిడికెడు బియ్యమో కోడిపిల్లో దేవునికి తెచ్చి తమ సంఘాన్ని తామే పోషించుకోవాలి అన్నాడు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ తన తలమీద తానే చేయి ఉంచుకొని, ఈ సువార్తను ఇతరులకు చెప్పే బాధ్యత నాదని అందరి ఎదుట పలకడం ఆయన నేర్పిన ఆచారం. తరతరాలుగా ఒకరి మాట వినడమే తప్ప తన మాట వినిపించడం ఎరుగని మనిషికి అది ఎంతటి మార్పో ఊహించండి.

అదే సమయంలో ఆ పల్లెల తీరును ఆయన త్రోసిపుచ్చలేదు. కోతల కాలంలో పంట పండుగలు జరిపించాడు. భజనలు, ఊరేగింపులు, తెలుగు కీర్తనలు ఆరాధనలోకి వచ్చాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ దేవాలయాన్ని చూసినవారికి ఆయన మనసు అర్థమవుతుంది. హిందూ ఆలయాల స్తంభాలు, ముసల్మాను కట్టడాల గుమ్మటాలు, క్రైస్తవ చిహ్నాలు ఒకచోట కూడిన కట్టడం అది. ఇంగ్లండులోని చర్చికి నకలు కట్టడం సులువే. ఈ మట్టిలో పుట్టినట్టు కనబడేది కట్టాలంటే, భక్తికి ఏది ప్రాణమో ఏది కేవలం అలవాటో వేరుచేసి చూడగలగాలి.

చరిత్ర వ్రాసేటప్పుడు రెండవ వైపు కూడా చెప్పాలి. ఈ సామూహిక మార్పిడులపై గాంధీజీ 1930వ దశకంలో గట్టిగా అభ్యంతరం చెప్పారు. మనస్సు మారకుండానే మతం మారుతోందన్నది ఆయన శంక. అజరయ్య దేశభక్తుడే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు అక్కరలేదన్నవాడు. అయినా ఈ విషయంలో ఇద్దరికీ పొసగలేదు. పల్లెలలో మార్పు నిజమైనదని కళ్లారా చూసినవాడు ఆయన. అయితే కులం చర్చి గడప దగ్గర ఆగిపోలేదన్నది కూడా నిజం. ఆయన జీవితమంతా దానితో పోరాడవలసి వచ్చింది. ఆ పోరాటం ఆయనతో ముగియలేదు.

ఇప్పుడు అసలు ఘట్టానికి వస్తాను. పల్లెవాడిని మారమన్న సంఘాలు తమలో తాము ఎలా ఉండేవి? ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్, లూథరన్, బాప్టిస్టు... ఇవన్నీ ఎక్కడో ఐరోపాలో, అమెరికాలో వందల ఏళ్లనాటి తగవులలో పుట్టిన పేర్లు. ఆ తగవులతో ఖమ్మం మెట్ట రైతుకూలీకి ఏ సంబంధమూ లేదు. ఒక ఊరి క్రైస్తవుడు పక్క ఊరికి పోతే అక్కడి ప్రభు భోజనపు బల్ల దగ్గర పరాయివాడు కావలసివచ్చేది. మాటలాడే తెలుగు ఒకటే. మరో సంగతి, పాడే పాటలూ చాలావరకు ఒకటే. పురుషోత్తమ చౌదరి వంటి భక్తకవులు కర్ణాటక రాగాలలో కట్టిన కీర్తనలు సంఘభేదం లేకుండా అందరి నోళ్లలోనూ నలిగాయి. పాటలో ఎప్పుడో ఒకటైనవారు బల్ల దగ్గర వేరు వేరు.

1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పై ముగ్గురు సంఘ సేవకులు సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. 1706లో జీగెన్‌బాల్గ్ ఓడ దిగిన ఊరు అది. అజరయ్య, సంతియాగో అనేవారు ఆ సభకు పెద్దలు. మాకు సంబంధం లేని చీలికలను మేమెందుకు మోయాలని వారు ప్రశ్నించి, ఐక్యతకు పిలుపునిచ్చారు. 1927లో లోసాన్‌లో జరిగిన ప్రపంచ సభలో అజరయ్య ఇంకా గట్టిగా అన్నాడు. చీలికలు మీ దేశాలలో బలహీనత కావచ్చు, మా దేశంలో మాత్రం అవి పాపమేనన్నది ఆయన భావం.

పిలుపు నుండి ఫలితానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. చర్చ ఎక్కడ చిక్కుకొందో తెలిస్తే దాని బరువు తెలుస్తుంది. ఆంగ్లికనులకు బిషప్పు లేని సంఘం సంఘమే కాదు. బిషప్పు చేయి తలమీద పెట్టనిదే గురువు గురువు కాడు. కాంగ్రిగేషనల్ వారికి బిషప్పు అంటేనే దొరతనం. వారి పెద్దలు ఆ అధికారాన్ని కాదని ప్రాణాలకు తెగించిన వారు. ఇద్దరిలో ఎవరు సర్దుకొన్నా తమ తాతలను తప్పుపట్టినట్టే అవుతుంది. చివరకు కుదిరిన ఒప్పందం ఇది: బిషప్పులు ఉంటారు, కాని రాజ్యాంగబద్ధంగా, సంఘం ఎన్నికతో ఉంటారు. ఇదివరకే గురువులైన వారికి మళ్లీ అభిషేకం అక్కరలేదు, ఇకమీదట జరిగే అభిషేకాలన్నీ బిషప్పుల చేతిమీదుగా జరుగుతాయి. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి విరుద్ధమైన ఆరాధననో గురువునో బలవంతంగా రుద్దరాదు. ఈ రెండు పద్ధతులూ కలిసిపోవడానికి ముప్పై ఏళ్ల గడువు పెట్టుకొన్నారు. అంటే ఒక తరం కాలం ఒకరినొకరు భరించాలని నిర్ణయించుకొన్నారన్నమాట.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశాడు. ఆ జనవరిలోనే ఆంగ్లికన్ మహాసభ ఐక్యతకు ఆమోదం తెలిపింది. దానికోసం పాతికేళ్లు పాటుపడినవాడు ఆ కబురు వినలేదు. నెబో కొండ మీద నుండి వాగ్దాన దేశాన్ని చూచి అక్కడే ఒరిగిన మోషే కథ ఇక్కడ జ్ఞాపకం రాక మానదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరు వారాలు. మన ప్రాంతపు పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఆ రోజుకు హైదరాబాదు రాజ్యం ఇంకా భారతదేశంలో చేరలేదు. అది జరిగింది 1948 సెప్టెంబరులో. రాజకీయ పటం మీద గీత చెరగక ముందే నిజాం ఏలుబడిలోని డోర్నకల్, మెదక్ క్రైస్తవులు మద్రాసు, తిరువాన్కూరు క్రైస్తవులతో ఒకే సంఘమయ్యారు. మెదక్ అంతవరకు మెథడిస్టుల సీమ, కరవుకాలంలో కూలి ఇచ్చి పోస్నెట్ దొర కట్టించిన పెద్ద దేవాలయం ఉన్న ఊరు. వారి మిషనుకు బిషప్పుల వాడుక లేదు. వారి మిషనరీ అయిన ఫ్రాంక్ విటేకర్ మెదక్ తొలి బిషప్పయ్యాడు. తమ వారినే, తమకు అలవాటు లేని పీఠం మీద కూర్చోబెట్టుకొని వారు మార్పును స్వాగతించారు.

అందరూ స్వాగతించలేదు. లూథరన్లు, బాప్టిస్టులు బయటనే ఉండిపోయారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో చాలామంది, తమను పెంచిన మిషను నేర్పిన ఆరాధన చెడిపోతుందన్న భయంతో కొత్త సంఘంలో చేరలేదు. ఒకే ఊళ్లో బంధువులు రెండు వర్గాలయ్యారు. వారిని మూర్ఖులని కొట్టిపారవేయడం సులువు. కాని వారిదీ భక్తే. తండ్రి తాతలు మోకరించిన చోట, వారు పలికిన మాటలతోనే మోకరించాలనుకోవడం తప్పు కాదు. మార్పును మెచ్చుకొనే మనం, మారలేనివాని బాధను కూడా చూడాలి. బలవంతం వద్దన్న ఒప్పందపు నియమం ఇక్కడ నిజంగా పరీక్షకు నిలిచింది. 1963లో నంద్యాల వేరే మండలంగా ఏర్పడి, 1975లో దక్షిణ ఇండియా సంఘంలో చేరింది. ఇరవై ఎనిమిదేళ్లు ఆగింది. తరంగంబాడి పిలుపుకు మద్రాసు జవాబివ్వడానికీ సరిగా అన్నేళ్లే పట్టిందని లెక్కవేసి చూసుకొన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది.

ఇంకొక సంగతి చెప్పకుండా నంద్యాలను వదలలేను. 2013 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘపు తొలి మహిళా బిషప్పుగా ఎగ్గోని పుష్పలలిత గారు అభిషిక్తురాలయ్యారు. ఆమె వచ్చిన పీఠం నంద్యాల. మార్పుకు వెనుకాడిందని అరవై ఏళ్ల క్రితం పేరుపడ్డ మండలమే ఆ మార్పుకు మొదటి గడప అయింది. ఆలస్యంగా కదిలినవాడు ఎప్పటికీ వెనుకనే ఉంటాడని నిర్ణయించరాదు.

మళ్లీ నా తరగతి గదికి వస్తాను.

ఆ మరునాడు పిల్లవాని తండ్రి రాత్రి షిఫ్టు దిగి నేరుగా బడికి వచ్చాడు. కంటి రెప్పల అంచున బొగ్గు నలుపు ఇంకా పోలేదు. జరిగిన దానికి నేను నొచ్చుకొంటున్నానని చెప్పాను. ఆయన నవ్వి, "రికార్డుల పేరు పొట్టకు సార్, చర్చిల పేరు పానానికి. రెండూ మావోని పేర్లే" అన్నాడు. ఆ మాట వెనుక ఒక చట్టం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులస్థుడు క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది. 1970 నుండి ఆంధ్రప్రదేశ్‌లో అటువంటి వారికి వెనుకబడిన తరగతులలో 'సి' వర్గం, ఒక శాతం వాటా దక్కింది. మతం మారినా ఊరు వానిని చూసే చూపు మారలేదు, కాగితం మాత్రం మారిందనుకొంది. మారుమనస్సు పొందిన మనిషి మారుపేరుతో బ్రదకవలసి రావడం ఎవరి తప్పు? తరగతిలో నవ్విన పిల్లలది మాత్రం కాదు. నల్లబల్ల ముందు నిలబడిన నేను, నా ఉదాహరణ ఎవరికి తగులుతుందో చూసుకోలేదు.

ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు వ్యాకరణం ప్రకారం జవాబు ఉంది. రెండింటిలోనూ 'మారు' విశేషణమే, రెండూ కర్మధారయాలే. కాని మారువేషం విప్పితే పాత మనిషి కనబడతాడు. మారుమనస్సులో విప్పడానికి ఏమీ ఉండదు. తీరా చూస్తే, అది ఒకరిని మారమని వేలు చూపే మాట కాదు. పల్లెకూలీ, ఇంగ్లీషు దొర, మెదక్ మెథడిస్టు, నంద్యాల ఆంగ్లికను, అందరూ తమ తమ వంతున దాని ముందు నిలబడ్డారు. తమకు ప్రియమైనదేదో ఒకటి వదులుకొని ముందడుగు వేశారు. వదిలినా దేవుడు తమతోనే ఉంటాడన్న నమ్మిక లేకపోతే ఆ అడుగు పడేది కాదు. నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ఆ మాట నాకూ వర్తిస్తుందని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆ విద్యార్థి ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. వాళ్ల నాన్న పనిచేసిన చోట తట్టా చెమ్మస్ రోజులు పోయి చాలాకాలమయింది. ఎప్పుడైనా ఈ పుట వాని కంటబడితే, "రేపు చెబుతాను" అన్న పంతులు ఆలస్యంగానైనా చెప్పాడని గ్రహిస్తాడని ఆశ.

విషయంలో గాని, భాషలో గాని పొరపాట్లు దొర్లి ఉంటే పెద్దలు సరిదిద్దగలరు. మీ ప్రాంతపు క్రైస్తవ సంఘాల చరిత్ర తెలిసినవారు రెండు మాటలు వ్రాస్తే సంతోషిస్తాను.

స్వస్తి.